మామ్మ మొక్కుబడి, నా లెక్కల గ్రూపు

మొన్న మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడంగారికి ఆపరేషన్ అయితే చూసి వద్దామని తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళాను. ఆవిడ ఉన్నది మిషన్ ఆస్పత్రిలో అని తెలుసు. తెలిసే బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కాను. కానీ తెలియడం వేరు, ఆ వరండాలో అడుగుపెట్టడం వేరు. గోడల రంగు మారింది, చీటీలు రాసేచోట కంప్యూటర్లు పెట్టారు, రేకుల షెడ్డు ఉన్నచోట మందుల షాపు వెలిసింది. వాసన మాత్రం అదే. ఫినాయిలు, డెట్టాలు, వెనకాల ఎక్కడో కాగుతున్న గంజి. అందరికీ అది ఆస్పత్రి వాసన, నాకు మా మామ్మ చీర వాసన. సంచి పట్టుకుని ఆడవాళ్ళ వార్డు గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో కొంచెం తప్పుకోమంటే గానీ కదలలేదు.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఆ ఆస్పత్రిలోనే కాన్పుల గదిలో ఆయాగా చేసి రిటైరైంది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఒక్క మెట్టు వదిలేసినా మార్కులు కోసేస్తానని పిల్లలు నన్ను తిట్టుకుంటారు, నాకు తెలుసు. అలాంటి నేను ఈ సంగతి మాత్రం మెట్టు మెట్టుగా చెప్పలేను. ఏలూరులో కాలవకి దగ్గరగా ఉండే మా పెంకుటిల్లు, అందులో పదో తరగతి పరీక్షలు రాసేసి కూర్చున్న నేను, నేను ఏ గ్రూపు తీసుకోవాలో నేను పుట్టిన రోజునే నిర్ణయమైపోయి ఉండడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. అప్పటికి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు ఇంకా తెంచలేదు. ఫోన్ వస్తే మూడిళ్ళ అవతల షాపులోంచి కేకేసి పిలిచే రోజులు.

మా ఇంట్లో రోజు మామ్మ ప్రార్థనతో మొదలయ్యేది. మనసులో చేసుకునే ప్రార్థన కాదు. నవారు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆస్పత్రిలో కింది ఆయాలకి పని పురమాయించినట్టు దేవుడికి ఒక్కొక్కరి పేరూ చెప్పి ఎవరికి ఏం చెయ్యాలో అప్పగించేది. ఉంగుటూరులో బడిపంతులుగా చేస్తున్న నాన్నగారికి బస్సు టయానికి రావాలి. అమ్మకి గ్యాస్ట్రిక్ తగ్గాలి. కొల్లేటి నుంచి కొర్రమేనులు తెచ్చే గంగమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గాలి. గంగమ్మ హిందువు కదా మామ్మా అంటే, మోకాళ్ళకి మతమేముందే అనేది. ఆ గంగమ్మ వచ్చే వేళకి మామ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చునేది. తట్టలో చేప ఇంకా ఎగురుతుండగానే కొల్లేట్లో నీళ్ళు ఎంతున్నాయి, ఎవరింట పెళ్ళి, ఎవరు నీళ్ళోసుకున్నారు అన్నీ కనుక్కునేది. మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు తిని, తడిపిన తుండుగుడ్డ నెత్తిన వేసుకుని వరండాలో గచ్చు మీద పడుకునేది. ఆ గచ్చు మీదే, ఆవిడ తల పక్కనే, నేను పుస్తకాలు పరిచేదాన్ని. ఇప్పుడు నాకు ఏసీ ఉన్న స్టాఫ్ రూము ఉంది. ఆ గచ్చు చల్లదనం మాత్రం నాకు ఇంకెక్కడా తగల్లేదు.

పరిచేది లెక్కల పుస్తకాలే. ఎందుకు ఇష్టమంటే చెప్పలేను, ఎప్పుడు ఇష్టమైందంటే మాత్రం చెప్పగలను. త్రిభుజానికి పరివృత్తం గీయడం నేర్పిన రోజున. త్రిభుజంలో ఒక భుజాన్ని సరిగ్గా మధ్యకి కోస్తూ నిలువుగా ఒక గీత గీస్తాం. రెండో భుజానికీ అలాగే గీస్తాం. ఆ రెండూ ఒకచోట కలుస్తాయి, అందులో వింతేమీ లేదు. మూడో భుజానికి గీసిన గీత కూడా, ఎవరూ పిలవకుండానే, సరిగ్గా ఆ చుక్క దగ్గరికే వచ్చేస్తుంది. అక్కడ వృత్తలేఖిని ముల్లు గుచ్చి తిప్పితే గుండ్రం మూడు మూలల్నీ తాకుతూ పోతుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. మామ్మ నిద్రపోతోందనుకుంటే ఒక కన్ను తెరిచి చూస్తోంది. "మూడోది కూడా అక్కడికే వచ్చిందే!" అంది. ఆ తర్వాత ఎన్ని త్రిభుజాలు గీసినా ఆ మాట అనకుండా ఉండేది కాదు. సన్నటిది, లావుటిది, వంకరది, ఏది గీసినా మూడో గీత దగ్గరికొచ్చేసరికి మోచేతి మీద లేచి కూర్చునేది, ఈసారి తప్పుతుందేమోనని.

ఇంతకీ నేను పుట్టిన కథ చెప్పాలి. అది నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే ప్రతి పుట్టినరోజుకీ మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టేవారు, చర్చి వాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చునేవారు, పులిహోర పంచే ముందు మామ్మ లేచి సాక్ష్యం చెప్పేది. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకలో ఉంది. మంచి వానల్లో నొప్పులొచ్చాయి, దారి మునిగిపోయింది. తాటిదోనెలో అమ్మని పడుకోబెట్టి రోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి జీపులో ఏలూరు తీసుకొచ్చారు. ఏటేటా ఆ గాలివాన కొంచెం పెరుగుతూ వచ్చేది. నా చిన్నప్పుడు ఊగిన దోనె, నేను హైస్కూలుకొచ్చేసరికి తిరగబడబోయింది. అయితే చివరికొచ్చేసరికి మామ్మ గొంతులో ఏ పెంపూ ఉండేది కాదు. కాన్పుల గదిలో ఆ రోజు డ్యూటీ తనదే. నేను పుట్టాను, ఏడవలేదు. డాక్టరమ్మగారు తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొడుతున్నారు, నీలంగా ఉన్నాను, ఏడవడం లేదు. వేడినీళ్ళ బేసిను పట్టుకుని మూల నిలబడిన మామ్మ, ఈ పిల్ల బతికితే నీ ఆస్పత్రికే ఇచ్చేస్తాను ప్రభువా అనుకుంది. అప్పుడు ఏడ్చాను. ఇక్కడ కూడికంతా స్తోత్రం అనేవారు. పులిహోర తింటూ ఆడవాళ్ళు నా బుగ్గ గిల్లి ఏమ్మా డాక్టరమ్మా అనేవారు. నర్సు అయినా డాక్టరు అయినా, ఆస్పత్రి మాత్రం ఖాయం.

పదో తరగతి తర్వాత గ్రూపు తీసుకోవాలి. ఎంపీసీ అయితే లెక్కలు ఉంటాయి. బైపీసీ అయితే మొక్కలు, జంతువులు ఉంటాయి, లెక్కలు ఉండవు. ఆస్పత్రికి పోయే దారి బైపీసీయే. అటు వెళితే లెక్కల పుస్తకం మళ్ళీ తెరవనక్కర్లేదని నా స్నేహితురాళ్ళు పండగ చేసుకున్నారు. నేను మాత్రం ఆ పండగలో కలవలేకపోయాను. రిజల్ట్స్ వచ్చాక కాలేజీల తాలూకు మనుషులు రంగురంగుల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. లెక్కల్లో నా మార్కులు చూసి మా ఇంటికి మరీ ఎక్కువగా వచ్చారు. నాన్నగారు అందరికీ మంచినీళ్ళిచ్చి, అమ్మాయి బైపీసీ అండీ, అది ఎప్పుడో అనుకున్నదండీ అని పంపేసేవారు. ఆయనకి అదో గర్వం. మాటిచ్చాక ఇచ్చినట్టే అనే మనిషి. అమ్మ వంటింట్లోంచి ఒక్కసారే, దాని మొహం కూడా చూడండి ఓసారి అంది. నాన్నగారు చూశారు కూడాను. నేను అప్పుడు తల దించుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

ఒక సాయంత్రం మా లెక్కల మాస్టారు సైకిలు మీద వచ్చారు. ప్యాంటుకి పెట్టిన క్లిప్పు తీయడం మర్చిపోయి అలాగే కుర్చీలో కూర్చున్నారు. గ్రూపు సంగతి అడిగి, జవాబు విని, టీ గ్లాసు కింద పెట్టేశారు. మామ్మ ఆయనకి గాలివానతో సహా కథంతా చెప్పింది. ఆయన అడ్డు తగలకుండా విన్నారు, చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా. అప్పుడు మామ్మే అడిగింది.

"లెక్కలు చదివితే ఏమవుద్దండీ పిల్ల?"

ఇంజనీరు అవుతుంది, విమానమెక్కుతుంది అని ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే మామ్మ నవ్వేసి ఊరుకునేది. "అది నేను చెప్పలేనండీ. చదువుకున్నన్నాళ్ళూ సంతోషంగా ఉంటదండీ. అదొక్కటే చెప్పగలను" అన్నారు. సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ రాత్రికి నేను జామెట్రీ బాక్సుని గుడ్డలో చుట్టి అటక మీద పడేశాను. కోపంతో కాదు. అది ఎదురుగా ఉంటే ఊరుకోలేను, అందుకని. ఎవరితోనూ పేచీ పడలేదు, అన్నం మానలేదు, ఏడవలేదు. మధ్యాహ్నం పూట గచ్చు మీదకి రావడం మాత్రం మానేశాను. వీధి గుమ్మంలో కూర్చుని కాలవ గట్టు మీద వెళ్ళే లారీలు చూసేదాన్ని. మామ్మ కొన్ని మధ్యాహ్నాలు ఒక్కతే పడుకుంది, అటూ ఇటూ దొర్లింది, నిద్ర పట్టలేదన్నట్టు దగ్గింది. ఒకరోజు తొలకరి జల్లు పడి వెలిశాక లోపలి నుంచి పిలిచింది. వెళితే, ఆవిడ స్టూలు మీద నిలబడి అటకలోకి చెయ్యి పెట్టి వెతుకుతోంది. పడితే నడుం విరుగుతుందని నేను గాబరా పడి దింపాను. ఆ గుండ్రాల పెట్టె ఎక్కడ పెట్టావే, తియ్యి, ఒకటి గియ్యి అంది.

గీశాను. మొదటి గీత, రెండో గీత. మూడోది గీస్తుంటే ఆవిడ కాగితం కేసి చూడటం లేదు. నా మొహం కేసి చూస్తోంది. ముల్లు గుచ్చి గుండ్రం తిప్పాను, మూడు మూలలూ కలిశాయి. మూడోది కూడా అక్కడికే వచ్చిందే అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"ఇది కావాలని నన్నెప్పుడూ అడగలేదేమే?"

"నువ్వు మాటిచ్చేశావు కదా మామ్మా."

"మాటిచ్చింది నేను. నువ్వప్పటికి ఏడవను కూడా ఏడవలేదు. నీ నోటితో నేనెట్టా మాటిచ్చేశానే?" అని నా తల మీద చెయ్యి వేసింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. అన్నాళ్ళూ రానిదంతా కలిపి వచ్చింది.

అలాగని మొక్కుబడి గాలికి వదిలేసే మనిషి కాదు మామ్మ. సాయంత్రమే పాస్టరుగారి ఇంటికి బయల్దేరింది, తోడుగా నేను వెళ్ళాను. ఆయన నెమ్మదస్తుడు. బైబిల్లో చెప్పిన పాత రోజుల్లో మొక్కుకున్న మనిషికి బదులు వెండి సమర్పించి విడిపించుకునే పద్ధతి ఉండేదనీ, మీరూ మీ శక్తి కొద్దీ ఏదైనా కానుక పెట్టెలో వేస్తే సరిపోతుందనీ అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మామ్మకి మాత్రం ఆ మాట రుచించలేదు. "నేను మనిషిని ఇస్తానన్నానండీ. ఆస్పత్రిలో వెండితో ఏం పనండీ?" అంది. పాస్టరుగారు నవ్వలేక, కాదనలేక, ప్రార్థన చేసి పంపేశారు. తిరిగొస్తూ కాలవ వంతెన మీద మామ్మ ఒకసారి ఆగి మోకాళ్ళు నొక్కుకుంది. వంగింది, లేచింది, మళ్ళీ వంగి చూసుకుంది. నొప్పెడుతున్నాయేమో అనుకున్నాను. ఎంతవరకు పనికొస్తాయో చూసుకుంటోందని నాకేం తెలుసు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళకి మామ్మ లేచి నిలబడింది. నా పుట్టినరోజు కాదు, అందరూ కొంచెం వింతగా చూశారు. నాన్నగారు మగవాళ్ళ వైపు నుంచి తొంగి చూశారు. మామ్మ చర్చి వాళ్ళతో మాట్లాడలేదు. పైకి చూసి, పొద్దున్న మంచం మీద కూర్చుని పనులు అప్పగించే గొంతుతోనే మాట్లాడింది.

"ప్రభువా, ఈ పిల్ల బతికితే నీ ఆస్పత్రికిస్తానన్నాను. ఇక్కడున్నోళ్ళందరికీ తెలుసు. దీన్నడక్కుండా అనేశాను. దీనికి లెక్కలు కావాలంట. నువ్వు బతికించింది ఇది నవ్వుతా ఉంటానికే గదా. దీని బదులు నేనొస్తాను. మోకాళ్ళ సంగతి నీకు తెల్సు. అయినా వస్తాను."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నాన్నగారు లేచి నిలబడ్డారు, ఏదో అనబోయారు, మళ్ళీ కూర్చుండిపోయారు. అప్పుడు పాస్టరుగారు, ఆయనా తడబడుతూనే, ఆమేన్ అన్నారు.

మర్నాడు ముగ్గురం కలిసి బయల్దేరాం. వంతెన దిగాక కాలేజీ ఒకవైపు, ఆస్పత్రి ఒకవైపు. మామ్మ చేతిలో ఒక తుండు, టిఫిను డబ్బా, దువ్వెన ఉన్నాయి. నాన్నగారు, పోనీ నేను దింపి వస్తానమ్మా అన్నారు. నువ్వు పిల్లని చూసుకో, ఆ ఫారంలో సరిగ్గా రాయించు, మళ్ళీ వాళ్ళు మొక్కల గ్రూపులో వేసేస్తారు అని చెప్పి మామ్మ అటు తిరిగింది. కొంగు నడుముకి బిగించి, కొంచెం ఎడమకి ఒరుగుతూ నడిచింది. నేను ఎంపీసీలో చేరాను. ఆ రోజు నుంచీ మామ్మ, తోడు ఎవరూ లేని ఆడ రోగుల దగ్గర కూర్చోవడానికి ఆ ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళేది. జీతం లేదు, అడిగిన వాళ్ళూ లేరు. తల దువ్వేది, గంజి పట్టేది, కరెంటు పోతే విసిరేది, ఒళ్ళు తుడిచి క్యూటికురా పౌడరు రాసేది.

నా జీవితంలో మళ్ళీ రావాలని నేను కోరుకునేది ఏదైనా ఉందంటే అది ఆ తర్వాతి రెండేళ్ళే. సాయంత్రం ఇద్దరం ఇంటికి చేరేవాళ్ళం. ఆవిడ డెట్టాలు వాసనతో, నేను సుద్దపొడి వాసనతో. అమ్మ టీ పెట్టేది. గచ్చు మీద చేరగిలబడి, ఇవాళ ఏం చెప్పారే అని అడిగేది. నేను మాత్రికలు చెప్పేదాన్ని, అవకలనం చెప్పేదాన్ని. ఆవిడకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఊఁ కొట్టేది. నా వంతు అయ్యాక తన వంతు. చింతలపూడి నుంచి వచ్చిన ముసలమ్మకి కొడుకు ఇంకా రాలేదు. కామవరపుకోట పిల్లకి జ్వరం దిగింది, రెండు జడలు వేయించుకుంది. చెబుతూ చెబుతూ, చెయ్యి నా పుస్తకం మీద వేసి నిద్రపోయేది. ఆ చెయ్యి తీయడానికి మనసొప్పక పేజీ తిప్పకుండా కూర్చున్న సాయంత్రాలు ఉన్నాయి. ఎవరైనా మళ్ళీ ఒక్క సాయంత్రం తెచ్చిస్తానంటే నేను నేర్చుకున్న లెక్కలన్నీ ఇచ్చేస్తాను. ఇచ్చేస్తానంటే ముందు మామ్మే చంపేస్తుందనుకోండి, అది వేరే సంగతి.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆవిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఇంట్లోనే, నవారు మంచం మీదే, ఒక పొద్దున్న ప్రార్థన మధ్యలో వెళ్ళిపోయింది. ఎవరి పేరు దగ్గర ఆగిందో మాకు తెలియదు.

ఇప్పుడు ప్రతి జూన్‌లోనూ మా కాలేజీకి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటేసుకుని వస్తారు. గ్రూపు ఆరో తరగతిలోనే తేల్చేసి ఉంటారు. ఏ గ్రూపమ్మా అని నేను పిల్లని అడిగితే జవాబు తండ్రి దగ్గర్నుంచి వస్తుంది. వాళ్ళని తప్పుపట్టను. ప్రేమతోనే మాటిచ్చుకుని ఉంటారు, ఎవరికో ఒకరికి. బంధువులకో, పక్కింటివాళ్ళకో, తమకి తామో. కానీ ఆ మాటని పిల్ల తల మీద నుంచి దింపి తన నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళు నొక్కుకుంటూ బయల్దేరే మనిషి కోసం నేను ఏటా ఆ వరసలో వెతుకుతూనే ఉంటాను.

మొన్న మేడంగారిని పలకరించి తిరిగొస్తూ మళ్ళీ ఆ వార్డు దగ్గర ఆగాను. తల నెరిసిన సిస్టరుగారొకరు నన్ను తేరిపార చూసి, మీరు కరుణమ్మ మామ్మగారి మనవరాలు కదండీ, మీదీ అదే నుదురండీ అన్నారు. నా చెయ్యి పట్టుకుని కిటికీ పక్క బెంచీ చూపించారు. మామ్మ అక్కడే కూర్చునేదట. మీరెవరని పేషెంట్లు అడిగితే, మా మనవరాలి డ్యూటీ చేస్తన్నానమ్మా, అది లెక్కలు చదువుకుంటంది అనేదట. ఇక్కడి వరకూ నేను ఊహించుకోగలను. తర్వాత చెప్పింది నాకు తెలియని సంగతి.

"పేషెంట్లకి తోచకపోతే మీ గుండ్రం గీసి చూపించేవారండీ, ఇదిగో ఈ గచ్చు మీదే, సుద్దముక్కతో. మూడోది కూడా అక్కడికే వస్తది చూడండి అనేవారు. ఆవిడ గీస్తే ఎప్పుడూ వచ్చేది కాదండీ. అందరూ నవ్వేవారు. మా పిల్ల గీస్తే వస్తదమ్మా అనేవారు."

సిస్టరుగారిని ఎవరో పిలిస్తే వెళ్ళారు. నేను ఆ బెంచీ మీద కూర్చున్నాను. గచ్చు కేసి చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు. పక్క మంచం మీద ఒక పెద్దావిడ, జుట్టంతా చిక్కులు పడి ఉంది, తోడు ఎవరూ ఉన్నట్టు లేరు, నా కేసే చూస్తోంది.

"మీవాళ్ళెవరమ్మా ఈ వార్డులో?"

"మా మామ్మండీ" అన్నాను.

ఆవిడ చుట్టూ ఉన్న మంచాల కేసి ఓసారి చూసింది. "ఎట్టా ఉంది?"

"బావుందండీ" అన్నాను. బెంచీ దగ్గరికి జరుపుకుని, దువ్వెన ఎక్కడుందని అడిగాను.